సచివాలయంలో పని కాకుండా చూసుకోవడం ఎలా?

వీధి చివరికే గవర్నమెంటు ఆఫీసు వచ్చి కూర్చుంటే మనిషికి పరువేం మిగులుతుంది చెప్పండి? వెనకటికి ఇన్‌కం సర్టిఫికెట్ కావాలంటే ఒక పద్ధతుండేది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని గడియారస్తంభం సెంటర్లో ఒక తెలిసినాయన్ని పట్టుకునేవాళ్లం. ఆయన ఎమ్మార్వో ఆఫీసులో తనకి తెలిసినాయన దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఈయనకి టిఫిను, ఆయనకి టీ. మధ్యాహ్నానికి పని కాకపోయినా మనకెంతమంది తెలుసో ఊరందరికీ తెలిసేది. ఇప్పుడేముంది? చెప్పులేసుకుని నాలుగడుగులేస్తే వార్డు సచివాలయం. లోపల మన పిల్లల వయసు కుర్రాళ్లు. ఆధార్ నంబరడుగుతారు, రసీదు చేతిలో పెడతారు, మెసేజ్ వస్తుంది వెళ్లమంటారు. మీరెవరి తాలూకా అని మాట వరసకైనా అడగరు.

ఈ అప్రతిష్ఠ నుంచి బయటపడదామనుకునే పెద్దమనుషుల కోసం కొన్ని చిట్కాలు రాస్తున్నాను. అమలాపురంలో అన్ని వార్డులకీ పనికొస్తాయి. రాజోలు, కొత్తపేట వాళ్లు వార్డు అన్నచోటల్లా గ్రామం అని చదువుకుంటే సరి.

మొట్టమొదట, సచివాలయం ఎక్కడుందో తెలుసుకోకండి. 2019 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, కాకినాడ పక్కన కరపలో ఈ సచివాలయాల పద్ధతిని మొదలుపెట్టారు. పల్లెల్లో సుమారు రెండు వేలమందికొకటి, పట్నాల్లో నాలుగు వేలమందికొకటి చొప్పున రాష్ట్రమంతా పదిహేను వేల దాకా పెట్టారు. అంటే మీ ఇంటి చుట్టుపక్కల ఒకటి ఉండి తీరుతుంది. పాలప్యాకెట్టుకి వెళ్లే దారిలోనే బోర్డు కనపడొచ్చు. అటు చూడకండి. తప్పనిసరై వెతకాల్సొస్తే రంగును బట్టి వెతకండి. ఆఫీసు గోడకి ఏ రంగుండాలన్నది 2020లో హైకోర్టు దాకా వెళ్లిన విషయం. అప్పటి అధికార పార్టీ రంగులు తీసెయ్యమన్నారు. ప్రభుత్వం వాటి పక్కన మట్టిరంగు ఒకటి చేర్చి ఇది వేరే అంది. హైకోర్టు అదీ కుదరదంది. చివరికి ఆ జూన్‌లో సుప్రీంకోర్టూ తీసెయ్యమనే చెప్పింది. రంగును బట్టి గుర్తుపెట్టుకున్నవాళ్లు అలా నిజంగానే దారి తప్పారు. మీకూ ఆ అదృష్టం పట్టొచ్చు.

లోపలికి వెళ్లాక ఎవరేం పని చేస్తారో అడిగి తెలుసుకునే చాదస్తం పెట్టుకోకండి. మొదట్లో వార్డుకి పదిమంది దాకా ఉండేవారు. 2025లో హేతుబద్ధీకరణ అని జనాభాని బట్టి కొందర్ని అటూ ఇటూ సర్దారు. కుళాయి, రోడ్డు, డ్రైను, వీధిలైటు చూసేది ఎమినిటీస్ సెక్రటరీ. చెత్త చూసేది శానిటేషన్ సెక్రటరీ. ఇంటి ప్లాను చూసేది ప్లానింగ్ సెక్రటరీ. పింఛనూ, పథకాలూ వెల్ఫేర్ సెక్రటరీ దగ్గర. కులం, ఆదాయం, భూమి రెవెన్యూ సెక్రటరీ దగ్గర. టీకాలూ, బీపీలూ ఏఎన్‌ఎం గారి దగ్గర. ఆడపిల్లల భద్రతకి మహిళా పోలీసు. కరెంటుకి ఎనర్జీ సెక్రటరీ. ఇదంతా గోడ మీద బోర్డు రాసి పెట్టారు. చదవడం మన ఇంటా వంటా లేదు. తలుపు దగ్గర ఎవరు కనపడితే వాళ్లని 'వీఆర్వో గారండీ' అనండి. ఆడమనిషైతే 'అమ్మాయ్' అనండి. వీధిలైటు వెలగట్లేదని ఏఎన్‌ఎం గారికి చెప్పండి. ఆవిడ పక్క టేబులు చూపిస్తే, 'ఇదేనండి గవర్నమెంటంటే, ఒకళ్ల మీదొకళ్లు తోసేసుకోవడం' అని గుమ్మం దాకా వినపడేట్టు అనండి. బల్బు పోతే ఒకరు, తీగ తెగితే ఇంకొకరు చూస్తారన్న తేడా మీకెందుకు? మీ వీధి చీకటిగా ఉంది, అంతే కదా.

ఆ కుర్రాళ్ల గురించి ఒక మాట. 2019 సెప్టెంబరులో వాళ్లు రాసిన పరీక్షకి ఇరవై లక్షల పైన దరఖాస్తులొచ్చాయి. ఉద్యోగాలేమో లక్షా పాతికవేల పైచిలుకు. బీటెక్కులు, ఎమ్మెస్సీలు చదివినవాళ్లు బోలెడంతమంది అందులో నెగ్గి వచ్చి కూర్చున్నారు. ఇది మీరు గుర్తుంచుకోవాల్సిన అవసరం లేదు. మీ కాగితం తీసుకునే ముందు, 'ఏ ఊరు బాబూ మీది? ఇంటిపేరేంటి? ఫలానావాళ్లకి ఏమవుతారు?' అని తీరిగ్గా వంశవృక్షం లాగండి. వెనకాల లైనులో పదిమంది ఉంటే మరీ మంచిది. పని కంటే ముందు చుట్టరికం తేలాలి. చుట్టరికం తేలాక ఇంక రసీదెందుకండీ, మొహమాటంగా ఉండదూ? రసీదు తీసుకోకండి. దాని మీద దరఖాస్తు నంబరు, గడువు తేదీ వేసి ఉంటాయి. ఆ నంబరు చేతిలో ఉంటే రేపు మీరు ఎవర్నీ బతిమాలక్కర్లేకుండా పోతుంది.

ఒక్కోసారి కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఇందులో మాత్రం తప్పంతా మనది కాదని ఒప్పుకోవాలి. పై నుంచి రోజుకో సర్వే దిగుతుంది. ఇళ్లకి జియోట్యాగులు, ఈకేవైసీలు, పీ4 సర్వే, ఎవరింట్లో ఎంతమంది, ఎవరు వలసపోయారు... పాపం వాళ్లు ఫోన్లు పట్టుకుని గుమ్మాలెక్కుతూ ఉంటారు, ఇక్కడ జనం ఖాళీ కుర్చీలతో మాట్లాడుతూ ఉంటారు. మనుషులున్న రోజున సర్వర్ ఉండదు, సర్వర్ ఉన్న రోజున మనుషులుండరు. ప్రజల ముంగిటికి పాలన అంటే ఇదే కాబోలు, పాలన మన ముంగిట్లో ఉంటే మనం దాని ముంగిట్లో ఉంటాం. అసలు సర్వే పనికీ కౌంటరు పనికీ ఒకే మనిషిని వాడటం ఎవరి తెలివో గానీ, మన చిట్కాలకి అది చాలా సాయపడుతోంది. సర్వేకి మీ ఇంటికొచ్చినప్పుడు 'ఇప్పుడు తీరిక లేదు, ఆఫీసుకొస్తాం' అనండి. ఆఫీసుకి వాళ్లు సర్వేకి వెళ్లిన టైము చూసి వెళ్లండి.

ఇప్పుడు అసలు విద్య చెబుతాను. పేరు.

గోదావరి జిల్లాల్లో పేరంటే మాటలా? వీర వెంకట సత్యనారాయణ మూర్తి. అన్నవరం దేవుడికి మొక్కు, తిరుపతి దేవుడికి మొక్కు, చివర్లో తాతగారు. తెలుగులో రాస్తే నిండుగా ఉంటుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడే మజా. ఆధార్‌లో 'సత్య'కి టీ తర్వాత హెచ్ పెట్టించండి. రేషన్ కార్డులో హెచ్ తీసేయించండి. పదో తరగతి సర్టిఫికెట్లో ముందున్న వీర, వెంకటలని రెండు 'వీ'లు చేసి, బ్యాంకు పుస్తకంలో ఒక 'వీ'తో సరిపెట్టండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పాన్ కార్డులో మాత్రం పూర్తిగా రాయించండి, పెట్టెలో పట్టక చివరి అక్షరాలు తెగిపోవాలి. ఈలోగా న్యూమరాలజీ ఆయన చెప్పాడని అబ్బాయి పేరులో ఇంకో 'ఏ' చేర్చండి. ఇలా చేస్తే మీరొక్కరే అయినా ప్రభుత్వం దృష్టిలో అయిదుగురవుతారు. ఆ అయిదుగురిలో ఒక్కరికీ ఏ పథకమూ రాదు. కంప్యూటరుకి 'హెచ్ ఉన్నా లేకపోయినా ఆయనేనండీ, మా వీధే' అని చెప్పేవాడుండడు కదా. కరణం గారికైతే చెప్పుకునేవాళ్లం. 1984లో ఎన్టీ రామారావు గారు కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసినప్పటి నుంచీ మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టే యంత్రాంగం పోయింది. అయితే ఆ కరణం గారు ఎవరి మొహం గుర్తుపట్టేవారో, ఎవరిది పట్టేవారు కాదో పేటల్లోవాళ్లని అడిగితే వేరే కథ చెబుతారు. అది మన చిట్కాల్లోకి రాదు.

పేరు గొడవ పుట్టుకతోనే మొదలుపెట్టడం ఉత్తమం. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదుకి పైసా అక్కర్లేదు. ఆస్పత్రిలో పుడితే నమోదు వాళ్లే పంపుతారు, మీరు వివరాలు సరిగ్గా ఇస్తే చాలు. కాబట్టి వివరాలు ఇచ్చేటప్పుడు బాలింత తమ్ముణ్ని పంపండి, ఆ కుర్రాడికి బావగారి పూర్తి పేరు ఎలాగూ తెలియదు. పేరు పెట్టకుండా నమోదు చేయించినా ఏడాదిలోపు ఉచితంగా చేర్చుకోవచ్చు, తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుము కట్టి చేర్చుకోవచ్చు. ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు తొందరేముంది? అసలు నమోదే చేయించకుండా ఏడాది దాటించండి, అప్పుడు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అది పరువైన పని. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికీ, పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీ రుజువు ఈ జనన సర్టిఫికెట్టే. బడిలో చేర్చే జూన్ నెల దాకా దీని సంగతి తలచుకోకండి. పిల్లలకి అయిదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఇంకోసారి ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా వేయించాలి. అదీ మర్చిపోతే ఈఏపీసెట్ దరఖాస్తు నాడు ఇల్లంతా కలిసి గుర్తుచేసుకోవచ్చు.

ఆడపిల్ల పెళ్లి చేస్తారు. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తారు. కానీ హౌస్‌హోల్డ్ మ్యాపింగులో అమ్మాయి పుట్టింట్లోనే ఉంటుంది. మార్చాలంటే పెళ్లి రిజిస్ట్రేషన్ అడగొచ్చు. 'వెయ్యిమందికి భోజనాలు పెట్టాం, ఇంకా సాక్ష్యం ఏంటండీ' అని వాదించండి. వీడియో క్యాసెట్టు పట్టుకెళ్లి చూపిస్తానని బెదిరించండి. అల్లుడి ఊళ్లో రేషన్ కార్డులో ఆవిడ పేరెక్కదు, ఇక్కడ కార్డులోంచి దిగదు. పుట్టింటి మీద మమకారం అంటే అలా ఉండాలి.

అమ్మకి పింఛను వస్తోందా? వచ్చే పింఛను ఆపడానికి తేలిక దారి ఒకటుంది. హైదరాబాదులో అబ్బాయి కొత్త కారు కొంటున్నాడు కదా, సెంటిమెంటుగా అమ్మ పేరు మీద కొనమనండి. నాలుగు చక్రాల బండి ఎవరి ఆధార్‌కి తగులుకుంటే వాళ్లు అర్హుల జాబితాలోంచి జారతారు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫరవాలేదు, కాబట్టి అవి కొనకండి. పై వాటాలో అద్దెకున్నవాళ్ల కరెంటు మీటరు కూడా ఆవిడ పేరునే ఉంచండి, నెలకి సగటున 300 యూనిట్లు దాటితే చాలు. ఎప్పుడో అమ్మేసిన పాత కారుకి ఆర్‌సీ మార్చకుండా వదిలేసినా ఫలితం అదే. ఇదంతా ఆరంచెల పరిశీలన అని రాసి ఉన్న నిబంధనే. ఒక్కసారి సచివాలయానికెళ్లి అడిగితే మీ ఇంటి మీద కంప్యూటర్లో ఏమేం తగులుకున్నాయో చెబుతారు. అందుకే అడగకండి. ఆగిపోయాక వెళ్లి 'మా ఓటు మాకు తెలుసు' అని రండి.

పింఛను ఆగలేదనుకోండి. ఒకటో తారీఖున సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు, ఒకటి సెలవైతే ముందురోజే. ఆ పొద్దున్న ఇంటికి తాళం వేసి రాజోలు చుట్టాలింటికి వెళ్లిపోండి. వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే ఏర్పాటు వచ్చింది, దాన్ని పట్టించుకోక నాలుగో నెల దాకా సాగదీయండి. 2024 ఏప్రిల్ గుర్తుందా? అప్పటిదాకా పింఛను ఇంటికి తెచ్చిచ్చిన వాలంటీర్లని ఎన్నికల సంఘం ఆ పనిలోంచి తప్పించింది. ఎండల్లో ముసలివాళ్లు సచివాలయాల దగ్గరికి రావాల్సొచ్చింది. వాలంటీరు లేకపోతే పింఛనే లేదని అప్పుడు ఎంతమంది నమ్మారో! ఆ జులై ఒకటిన అదే సచివాలయం సిబ్బంది ఇంటింటికీ వెళ్లి బకాయిలతో కలిపి ఏడు వేలు చేతిలో పెట్టారు. ఆఫీసు ఒకటుందనీ, అది మనిషి కాదనీ మనకి గుర్తుండకపోవడమే ఈ చిట్కాలన్నిటికీ పునాది.

వేలిముద్ర గురించి చెప్పకపోతే ఈ జాబితా అసంపూర్ణం. కోనసీమలో చేతులు వేరు. కొబ్బరి దింపు తీసేవాళ్లకి అరచేతులు తాటిపట్టలా ఉంటాయి. ఒలుపు చేసేవాళ్లు గునపానికి కాయ గుచ్చి గుచ్చి, పీచు లాగి లాగి వేళ్ల మీద గీతలు చెరిగిపోయి ఉంటారు. ఆ వేలు యంత్రం మీద పెడితే ఎర్రలైటు. చొక్కాకి తుడిచి మళ్లీ పెడతారు, ఎర్రలైటు. బొటనవేలు వద్దు చూపుడువేలు పెట్టమంటారు, అదీ అంతే. అప్పుడు ఎవరో ఒకరు 'కూసింత కొబ్బరినూనె రాయండి' అంటారు. తప్పకుండా రాయండి. యంత్రం అద్దం జిడ్డెక్కి వెనకాలున్నవాళ్లందరి వేళ్లూ పడకుండా పోతాయి, సమానత్వం వస్తుంది. కంటిపాపతో, మొహంతో కూడా గుర్తుపట్టే పద్ధతి ఉందని మాత్రం ఆ పెద్దాయనకి చెప్పకండి. ఆయనకి తెలియదు, తెలిస్తే అడుగుతాడు.

సర్టిఫికెట్లకి సచివాలయంలో కట్టేది రసీదు మీద అచ్చేసి ఉంటుంది. అంత చవగ్గా దొరికేదానికి విలువేముంటుంది? ఆర్డీవో ఆఫీసు చుట్టుపక్కల జిరాక్సు షాపు అరుగు మీద మీ కోసం ఒకాయన కూర్చుని ఉంటాడు. ఆయన్ని 'మనోడే' అంటారు. ఎవరికి మనోడో ఎవరికీ తెలియదు. కాగితాలు, డబ్బులు ఆయన చేతిలో పెట్టండి. ఆయన చేసే పనల్లా, మీ వీధి చివరి సచివాలయంలోనే మీ దరఖాస్తు పెట్టించడం. మీ ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా ఆయనకే చెప్పండి, మనోడే కదా. ఫీజు రీయింబర్స్‌మెంటుకి ఇన్‌కం సర్టిఫికెట్ కావాలని కాలేజీవాళ్లు నెల ముందు చెబుతారు. ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగండి. ఆ రోజు సర్వర్ పోతుంది. సర్వర్ పోవడం తెలుగువాడికి గ్రహణం లాంటిది, ముందే తెలిసినా బయటికొచ్చి ఆకాశం కేసి చూడాలి.

వాట్సాప్ గొడవ కూడా ఒకటొచ్చింది. 2025 జనవరి 30న మన మిత్ర అని పెట్టారు, 95523 00009 నంబరుకి హాయ్ అంటే 161 సేవలతో మొదలైంది. ఆ నంబరు దాచుకుని రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపండి. పండగలకి శుభాకాంక్షలు. సేవ మాత్రం అడగకండి. 2022 మే 24న అమలాపురంలో జరిగిన గొడవల తర్వాత కోనసీమంతా ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఏ కాగితమూ కదల్లేదు, అది గుర్తుచేసి 'ఫోన్లో పనులు నమ్మకూడదండీ' అని నలుగురికీ చెప్పండి. ఇందులో కొంత నిజం ఉండటం మన దురదృష్టం.

వీధిలో డ్రైను పొంగుతోందా? దానికి ఎమినిటీస్ సెక్రటరీ దాకా వెళ్లడం చిన్నతనం. సోమవారం అర్జీ పట్టుకుని కలెక్టరేటుకి వెళ్లండి. ఈ అర్జీలకి పెద్ద చరిత్రుంది. ప్రజల వద్దకు పాలన, జన్మభూమి, మీకోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పేర్లు మారాయి, అర్జీలో మన అక్షరదోషాలు మారలేదు. అర్జీ నాలుగు పేజీలకి తగ్గకూడదు. మీ ముత్తాతగారు ఈ ఊరికెలా వచ్చారో మొదటి పేజీ. పక్కింటాయన స్వభావం రెండో పేజీ. మూడో పేజీలో దేశ రాజకీయాలు. డ్రైను నాలుగో పేజీ చివర. ఫోన్ నంబరు రాయకండి. కలెక్టరు గారు దాన్ని మున్సిపాలిటీకి రాస్తారు, మున్సిపాలిటీ సచివాలయానికి పంపుతుంది, మీ వీధి చివర కుర్రాడే చివరికి కాగితం పట్టుకుని వచ్చి, 'మాస్టారూ, ఇది నాకే చెబితే పోయేది కదండీ' అంటాడు. అప్పుడు మీరు 'కలెక్టరు గారి దాకా వెళితేగానీ కదల్లేదు చూశారా' అని అరుగు మీద అందరికీ చెప్పుకోవచ్చు. ఇంతకీ డ్రైను ఎందుకు పొంగిందంటే అందులో మన బొండాల డొక్కలే అడ్డం పడ్డాయి. తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి బండికి ఇవ్వడం కంటే కాలవలో వేయడం సుఖం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించింది ఇందుకేనని మనవాళ్లు అనుకుంటున్నట్టుంది.

టీకాలు బుధవారం, శనివారం. మీరు గురువారం వెళ్లండి. కమ్యూనిటీ హాలు ఉంటే అందులో షామియానా గుంజలు పెట్టించండి. పిల్లలు అక్కడ చదువుకుంటామంటే తాళంచెవి పోయిందనండి.

ఇలాంటి ఉచిత సేవలకి జనాన్ని అలవాటు చేసింది అసలు మన పక్క లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారని నాకొక అనుమానం. 1909లో ఆవిడ పోయేదాకా ఆ గుమ్మంలోకి ఆకలితో వచ్చినవాణ్ని కులమేంటని గానీ, వేళ కాని వేళ ఎందుకొచ్చావని గానీ అడగలేదంటారు. ఇప్పుడు బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. రసీదు లేదు, తంబు లేదు, ఆరంచెల పరిశీలన లేదు. అంత తేలిగ్గా పని జరిగిపోతే మధ్యవర్తి గతేంకాను?

గల్ఫ్ సంగతి. ఇక్కడ చిట్కా అక్కర్లేకుండానే చాలామంది పాటిస్తున్నారు. ఏజెంటు ఫోన్లో తియ్యగా మాట్లాడతాడు. కువైట్, మస్కట్, దోహా, ఇంటిపని, మంచి జీతం, వీసా రెడీ. అది విజిట్ వీసా అయితే ఏం పోయింది? చదువులేని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే ముప్ఫై ఏళ్లు నిండాలని రూలుంది. ఏజెంటు వయసు మారుస్తానంటే సరేననండి. లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ప్రభుత్వం పెట్టిందని, మన కలెక్టరేటులోనే వలసవెళ్లేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉందని, సచివాలయంలో మహిళా పోలీసుని అడిగినా దారి చెబుతుందని ఎవరన్నా అంటే, 'వాళ్లకి చెబితే ఊరంతా తెలుస్తుందండీ' అనండి. ఊరికి తెలియకుండా వెళ్లిన మనిషి అక్కడ పాస్‌పోర్టు లాగేసుకున్నాక వీడియో తీసి పంపితే, అప్పుడెలాగూ ఊరితోపాటు రాష్ట్రమంతా చూస్తుంది.

ఇక తుపాను.

సముద్రంలో వాయుగుండం పడిందంటే సచివాలయం కుర్రాళ్లకి నిద్రుండదు. కంట్రోల్ రూము, జనరేటరు, గర్భిణుల జాబితా, పూరిళ్ల జాబితా, ఒంటరి ముసలివాళ్ల జాబితా. వర్షంలో తడుస్తూ మీ గుమ్మంలోకొచ్చి, 'పునరావాస కేంద్రానికి రండి బాబూ' అంటారు. కదలకండి. వాలుకుర్చీలో కూర్చుని, 'తొంభయ్యారు తుపానే చూశాం, ఇదెంత' అనండి. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్లు ఈ మాట ఎప్పుడూ అనరు. వెయ్యిమంది పైన పోయిన రాత్రి అది. తెల్లారాక తోటల్లో తలలు తెగిన కొబ్బరిచెట్లు చూసినవాళ్లు కుర్రాళ్లు చెప్పకముందే పక్కబట్టలు చుట్టుకుని బయల్దేరతారు. ఆ మాటనేది అప్పటికి పుట్టనివాళ్లు, లేదా ఆ వారం హైదరాబాదులో ఉన్నవాళ్లు. మీరూ ఆ కోవలో చేరండి. లంకల్లో అయితే పడవ రెండోసారి వచ్చేదాకా ఆగండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరదలోనూ, గేదెని వదిలి రానన్నవాళ్లున్నారు. ఆ మాటలో మాత్రం వెటకారానికేమీ లేదు. గేదె పోతే మళ్లీ కొనివ్వడానికి జాబితా ఎప్పటికి తయారవుతుందో ఆ మనిషికి తెలుసు. పశువుల్ని ఎక్కడికి తోలాలో ముందే చెప్పగలిగిన రోజున, మనుషులు ఇంకొంచెం తొందరగా కదులుతారు.

2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చి వెళ్లింది కదా, తర్వాత నష్టం రాసుకోవడానికి మళ్లీ ఆ కుర్రాళ్లే వచ్చారు. ఇది మన విద్యకి పరాకాష్ఠ. పడిపోయిన చెట్లని వాళ్లు రాకముందే కొట్టించి ఇటుకబట్టీకి తోలేయండి. ఫొటో తీయకండి. వాళ్లొచ్చాక ఖాళీ దొడ్డి చూపించి, 'ఇక్కడ నలభై చెట్లుండేవండీ' అనండి. అంతకన్నా మేలైన పద్ధతి తోటని తాతగారి పేరు మీదే ఉంచేయడం. నాన్నగారు పోయినప్పుడు డెత్ సర్టిఫికెట్ తీశారు గానీ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర అన్నదమ్ములకి మాట పడి ఆగిపోయింది. తాతగారప్పుడు ఎవరూ ఏమీ తీయలేదు. వన్-బీలో ఆయనే ఉన్నారు, అడంగల్లో ఆయనే ఉన్నారు. రెవెన్యూ సెక్రటరీ ఎన్నిసార్లు మ్యుటేషన్ చేయించుకోమన్నా, 'మా ఇంట్లో గొడవలు మీకెందుకండీ' అని పంపేశారు. ఇప్పుడు చెట్లకి పరిహారం తాతగారి పేరునే వస్తుంది. ఆయనే వచ్చి తీసుకోవాలి. తంబు పడకపోతే ఐరిస్ ఉంది.